మూర్తి కారుకు ఏడింటికే ఆకలి

మంగళవారం, రాత్రి పది

ఒళ్లు మండిపోతోంది. పై ఇంటి మూర్తి ఆఫీసు నుంచి రాగానే ఏడింటికి కారు చార్జింగుకు పెట్టాడు. ఎదురింటివాళ్లూ పెట్టారు. ఏసీలు సరేసరి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోయింది, అమ్మ ఆక్సిజన్ మిషను ఆగిపోయింది. లైన్‌మన్ రావడానికి గంట పడుతుందన్నారు.

"సార్, కారు జెర అర్ధరాత్రి పెట్టుకోరాదుండ్రి?" అన్నాను, అందరితోపాటు వీధిలోకి వచ్చిన మూర్తితో.

"మా డాబా మీద సోలార్ ఉందండీ. నా కరెంటు నేనే చేసుకుంటున్నాను."

"సూర్యుడు మీ డాబా మీద నైట్ డ్యూటీ సుత చేస్తుండా సార్?"

వీధంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

లోపలికి వెళ్తే అమ్మ చీకట్లో రొప్పుతూ నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ల మెయిన్ బంద్ చేసినవా? చాలు బిడ్డా నీ మజాక్."

నేను కాదే అమ్మా అన్నాను. చిన్నప్పుడు మెయిన్ ఆపి ఆటపట్టించింది గుర్తుందేమో, నమ్మలేదు.