గొట్టం లేని మేకు

ప్రియమైన శ్రీవారికి,

మీరు ఫోనులో సగం వింటారు, మిగతా సగానికి ఊఁ కొడతారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

కంటి ఆపరేషనుకని మిమ్మల్ని అమ్మాయి ఇంటికి పంపించాను. నన్ను ఇక్కడ ఉంచింది మీ కారుతో వేగడానికని మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు అన్నాక, బండి అమ్మేద్దామన్నది మీరే. "నడిపేవాడు లేని బండి ఎందుకు, తీసిపారేద్దాం" అని భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ అన్నారు. పాత కార్లంటే పడిచచ్చే ఆ పళ్ల డాక్టరును వెతికి పట్టుకొచ్చిందీ మీరే.

నిన్న ఆయన వచ్చారు. తాళం తిప్పగానే బండి చక్కగా పలికింది. కాస్త వేడెక్కిందో లేదో, మొదలైంది. యాక్సిలరేటరు మీద ఎవరూ కాలు పెట్టలేదు. అయినా ఇంజను తనంతట తానే రేసవుతుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. ఆయాసంతో మెట్లెక్కే మనిషిలా కాసేపు అలా ఎగపోసి, దగ్గి, ఆగిపోయింది. డాక్టరు బానెట్ మీద చెయ్యి వేసి, వాచిన చెంప చూసినట్టు చూశారు. "ముందు దీన్ని నిలకడగా నిలబడనివ్వండి మేడం, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఇంజను కుదురుకున్న రోజే నా మాట చెబుతానని నేనూ అన్నాను.

వీధి చివర మెకానిక్కును పిలిచాను. అతను చిన్న కంప్యూటరుతో వచ్చి, దాన్ని తగిలించే సాకెట్టు కోసం కారంతా వెతికాడు. అలాంటి సాకెట్లు పుట్టకముందే ఈ బండి పుట్టిందని నేను చెప్పాల్సి వచ్చింది. "దీన్ని మా నాన్న ఉంటే చూసేవాడండీ" అని కంప్యూటరు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

కాబట్టి నేనే చూస్తాను. పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నా పద్ధతి నాకుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఏం మారిందో చూడాలి. ఆ తర్వాతే రెండోది. మీలా నాలుగు స్క్రూలు ఒకేసారి తిప్పి "ఇప్పుడు బాగుంది కదూ" అనడం నా వల్ల కాదు. ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో వరుసగా రాయండి.

ఇంకొక మాట. బానెట్ ఎత్తగానే మీరు ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసతో ఇంజనంతా తడుముతూ చప్పుడు వింటారే, ఆ నల్ల రబ్బరు గొట్టం షెడ్డులో మేకుకు లేదు. ఎక్కడ పెట్టారు?

చుక్కలు వేళకు వేసుకోండి. కన్ను నలపకండి.

ఇట్లు,
ఒళ్లు మండుతున్న మీ ఇల్లాలు


ప్రియమైన హెడ్మాస్టరుగారికి,

కంటికి కట్టు ఉంది కాబట్టి నేను చెబుతుంటే మన మనవరాలు రాస్తోంది. ఒక్క ముక్క మార్చకూడదని షరతు పెట్టాను. (మార్చను అమ్మమ్మా. మధ్యలో కలుపుతాను.)

దానికంత హైరానా దేనికోయ్? పాత బండి, అప్పుడప్పుడు అలుగుతుంది. ముందు గాలి లోపలికి పోయే దారిలో త్రాటిల్ ఉంటుంది చూడు, గుండ్రటి రేకు తలుపు. దానికి మసి పట్టి ఉంటుంది. విప్పి గుడ్డతో తుడిచి ఆరబెట్టు. రెండు మూడు రోజులు ఆరినా తప్పులేదు. (రేకు ఆరడానికి మూడు రోజులెందుకు తాతయ్యా అన్నాను. "నిన్ను రాయమన్నానా, అడగమన్నానా?" అన్నాడు.)

తర్వాత ప్లగ్గులు విప్పి చూడు. ఆ తర్వాత నీళ్ల వేడి చూసే సెన్సరు. ఇంజను వేడెక్కినా అది ఇంకా చల్లగానే ఉందని అబద్ధం చెబితే పెట్రోలు ఎక్కువ పోతుంది. నాకు దానిమీదే అనుమానం. కొత్తది తెప్పించు. ఎక్కడో దూరం నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం. వచ్చేదాకా బండి జోలికి పోకు.

పళ్ల డాక్టరుకు అంత తొందరగా ఉంటే ఇంకో బండి చూసుకోమను. మనమేం కాళ్లు పట్టుకుని కూర్చోలేదు కదా. (ఈ మాట చెప్పేటప్పుడు తాతయ్య గొంతు భలే హుషారుగా ఉంది.)

గొట్టం సంగతి నాకు గుర్తులేదు.

ఇట్లు,
నీ ఒంటికన్ను మొగుడు


ప్రియమైన శ్రీవారికి,

త్రాటిల్ విప్పాను. తెల్లటి గుడ్డ బొగ్గుగుడ్డయింది, నా చేతుల సంగతి ఇక రాయను. తుడిచాను, బిగించాను, స్టార్ట్ చేశాను. ఏ మార్పూ లేదు.

తర్వాత ప్లగ్గులు. ఒకటి రాక నా మణికట్టు పట్టేసింది. తీసి చూస్తే నాలుగూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఇక్కడే నాకు మీ ఉత్తరం మింగుడుపడలేదు. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గులు నల్లబడాలి, గాలి ఎక్కువైతే తెల్లబడాలి. ఈ మాట నాకు చెప్పింది మీరే, అదీ నేను అడక్కుండా, పెళ్లి భోజనాల పంక్తిలో కూర్చోబెట్టి మరీ చెప్పారు. మీ సెన్సరు అబద్ధం చెబుతుంటే ఇవి మసిబారి ఉండేవి. కాబట్టి సెన్సరు తెప్పించను.

ఆ తర్వాత మీరు చెప్పనిది ఒకటి చేశాను. ఇంజను నడుస్తుండగా, ఆయిల్ పోసే మూత తీశాను. బాగున్న ఇంజనైతే, లెక్కలో లేని గాలి లోపలికి పోయి గిలగిల్లాడిపోవాలి. ఇది ఉలకలేదు, పలకలేదు. ఆదివారం పేపరు చదువుతున్న మీరు గుర్తొచ్చారు. దీని అర్థం ఏమిటంటే, ఇంకెక్కడి నుంచో ఇప్పటికే దొంగగాలి దూరుతోంది. సన్నగా బుస కూడా వినిపిస్తోంది. చెవి దగ్గరగా పెట్టి విందామంటే ఫ్యాను జుట్టు పీకేలా ఉంది. ఆ గొట్టం ఉంటే ఈపాటికి తేలిపోయేది.

బండి బాగా వేడెక్కితే మరీ ఘోరం. బజారు మలుపులో ఎర్ర లైటు దగ్గర ఆగిపోయింది. వెనక బస్సువాడు హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. అంతమంది చూస్తుండగా అంత తలవంపు నాకు ఉద్యోగంలో ఎప్పుడూ ఎదురవలేదు.

పళ్ల డాక్టరు ఫోను చేశారు. వచ్చే ఆదివారం వస్తారట. అప్పటికీ తేలకపోతే వేరే బండి కొంటారట. ఆయనది న్యాయమే. ఈలోగా మీకు ఇంకేమైనా తడితే రాయండి. బుర్రకు కట్టు కట్టలేదు కదా.

ఇట్లు,
మణికట్టుకు మందు రాసుకుంటున్న మీ ఇల్లాలు


ప్రియమైన హెడ్మాస్టరుగారికి,

గాలి లెక్క నువ్వు అనుకున్నంత తేలిక కాదు. లోపలికి పోయే గాలిని కొలిచే పెట్టె ఒకటుంది. తప్పు దానిదే అయ్యుండాలి. చాలా సున్నితమైన వస్తువు, నువ్వు ముట్టుకోకు. నేను వచ్చాక తీరిగ్గా చూద్దాం. అందాకా ఇంజను వేగం సర్దే ఐడ్లింగ్ స్క్రూ కొంచెం అటూ ఇటూ తిప్పుతూ ఉండు. (ఎటు తిప్పాలి తాతయ్యా అంటే "ఎటైనా" అన్నాడు.)

ఆదివారం డాక్టరును రావద్దను. నిన్ను అబద్ధమాడమనడంలేదు. బండి బాగోలేదని చెప్పు చాలు, అది నిజమే కదా.

అన్నట్టు, బజారు మలుపు దాకా బండి ఎవరు నడిపారు? ఆ కంప్యూటరు కుర్రాడేనా? వాడి చేతికివ్వకు. వాళ్లకు క్లచ్చు తొక్కడం రాదు.

ఇట్లు,
నీ వాడు

అమ్మమ్మా, ఇక్కడి నుంచి నా సొంతం. తాతయ్య పెట్టె సర్దుతుంటే స్వెటరు మడతల్లో నల్ల రబ్బరు గొట్టం దొరికింది. ఇదేంటని అడిగితే వీపు గోక్కోవడానికట. అంత మెత్తటి గొట్టంతో వీపు ఎలా గోక్కుంటారు? ఇంకోటి. నిన్న కట్టు మారుస్తుంటే ఉన్నట్టుండి "బండి పోయాక ఇక నన్ను ఎక్కడికైనా సామాను మోసుకెళ్లినట్టు మోసుకెళ్తారు" అన్నాడు. నాతో కాదు, గోడతో. తర్వాత బిస్కెట్లు అడిగాడు. నీకు చెప్పాలనిపించింది.


ప్రియమైన శ్రీవారికి,

ఈ ఉత్తరాన్ని మనవరాలు మీకు పైకి చదివి వినిపిస్తుంది. మధ్యలో దగ్గడం, మంచినీళ్లు అడగడం కుదరదు.

మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టంలోంచి మూరెడు కోశాను. ఒక కొస చెవిలో పెట్టుకుని, మీరు తడిమినట్టే ఇంజనంతా తడిమాను. ముందువైపు ఏమీ లేదు. వెనక, గాలి పైపు కిందికి పోయేసరికి చెవి చిల్లులు పడేంత బుస. అక్కడ తల దూరదు. నా చేతి అద్దం దించి, టార్చి వేసి చూశాను. చిటికెనవేలంత రబ్బరు పైపు, దాని క్లిప్పు వదులై సగం ఊడి ఉంది. బిగించాను. ఇంజను ఒక్క క్షణం తడబడి, కుదురుకుంది. ఇంజను నడుస్తుండగానే దాని పక్కనున్న రేకు గట్టు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి చూశాను. ఒలకలేదు.

ఇక మీ సంగతి. ఆ క్లిప్పు నిండా తుప్పు. దాని స్క్రూ గాడి మాత్రం కొత్త గిన్నెలా మెరుస్తోంది. దానంతటదే వదులైన స్క్రూ అలా మెరవదు. ఎలుకలకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం రాదు. కళ్లు మసకలు కమ్మినా, చేత్తో తడిమి అంత మూలకు వెళ్లగలిగిన మనిషి ఈ ఇంట్లో ఒక్కరే.

నిజానికి మీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది. త్రాటిల్, ప్లగ్గులు, సెన్సరు, గాలి పెట్టె, స్క్రూ. ఇంజనంతా నన్ను ప్రదక్షిణ చేయించారు, ఆ ఒక్క మూల తప్ప. ఇన్నేళ్లూ బండి కాస్త మూలిగితే చాలు, ముందు గొట్టం చెవిలో పెట్టుకునే మనిషి, ఈసారి నన్ను వినమని ఒక్కసారీ అనలేదు. క్లాసులో సుద్దముక్క విసిరిన పిల్లాడు కూడా ఇలాగే కిటికీలు, తలుపులు, పంకా అన్నీ చూసేవాడు, నల్లబల్ల వైపు తప్ప.

అమ్మడం ఇష్టంలేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది కదండీ! ఆ ఒక్క ముక్క నోట్లోంచి రాక, నా చేత ప్లగ్గులు విప్పించారు. మణికట్టు ఇంకా సలుపుతోంది. దీనికి వేరే మాట్లాడుకుందాం.

ఆదివారం డాక్టరు వచ్చారు. ఇంజను చప్పుడు విని ఆయన కళ్లు చెమర్చాయి. "ఇక మీ మాట చెప్పండి మేడం" అన్నారు. చెప్పాను. బండి అమ్మనని. ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. కదులుతున్న మీ పై పన్ను ఆయన దగ్గరే పీకిస్తామని చెప్పి, కాఫీ ఇచ్చి పంపాను.

బజారు మలుపు దాకా ఎవరు నడిపారని అడిగారు. వేడెక్కితేగాని బయటపడని జబ్బు కాబట్టి ఎవరో ఒకరు నడపాలి. నేనే నడిపాను. నాకు పెళ్లైన కొత్తలోనే లైసెన్సు వచ్చిందని మీరు మరచిపోయారు. దాని గడువు నేను ఏనాడూ దాటనివ్వలేదు. ఇన్నాళ్లూ నడపనిది చేతకాక కాదు, పక్క సీట్లో మీరుండబట్టి. నేను గేరు మీద చెయ్యి వెయ్యకముందే మీ చెయ్యి లేచేది. లేని బ్రేకు తొక్కి తొక్కి కాలికింద మ్యాటు చిల్లు పడింది, చూసుకోండి. ఆ రోజు మలుపులో బస్సువాడు "ఏం మామ్మగారూ, బండి నిద్రపోయిందా?" అన్నాడు. నిన్న అదే మలుపులో, అదే లైటు దగ్గర, అతని పక్కనే ఆగాను. ఇంజను ఆగలేదు. అతను సలాం కొట్టాడు. నేను తల ఊపాను.

శనివారం కట్టు విప్పుతారట. మర్నాడు పొద్దున్నే బండి తీసుకుని వస్తాను. సామాను డిక్కీలో పెడదాం. మీరు ముందు సీట్లో, నా పక్కన. దారి పొడుగునా ఇంజను వినండి. ఆ పని మీకు వచ్చినట్టు నాకు రాదు, ఈ వారమంతా అది బాగా తెలిసొచ్చింది. ఎక్కడైనా తేడా వినబడితే చెప్పండి, ఆపుతాను. క్లచ్చు గురించి ఒక్క మాట వినబడినా ఆపుతాను, మిమ్మల్ని దింపడానికి.

వచ్చేటప్పుడు స్వెటరు మడతలు ఓసారి చూసుకోండి. ఇక్కడ మేకు ఖాళీగా ఉంది.

ఇట్లు,
మీ డ్రైవరు