ఏకాంబరం మాష్టరుకు ఇవ్వని పడుగు స్థలం

చిత్తూరు జిల్లా నగరిలో మగ్గం నమ్ముకుని బతికిన చిన్నబ్బ కొడుకు కుప్పయ్య అనే నేను, అరవై ఎనిమిదో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా. నా మతి స్థిరంగా ఉంది. మా చిన్నది పంకజాక్షి ఖోఖోలో రాష్ట్ర జట్టుకు నాయకురాలయిందని మొన్న కాగితం వచ్చినప్పటి నుంచి కాళ్లు మాత్రం నేల మీద ఆనడం లేదు. బస్టాండు దాకా పోయి తెలియని వాళ్లకు కూడా బెల్లం బొరుగులు పంచాను. దాన్ని మతిభ్రమ అని ఎవరూ కోర్టుకు ఎక్కకూడదు.

1. ఇల్లు నా భార్య శకుంతలమ్మ బతికినంత కాలం ఆమెది. తర్వాత నా కొడుకు సుందరరాజుకు, పంకజాక్షికి చెరిసగం. ఆడపిల్లకు సగమేమిటని వాడు అడగదలిస్తే, ముందు రాష్ట్ర జట్టుకు ఎంపికై వచ్చి అడగవచ్చు. ఇవన్నీ జరిపించే బాధ్యత నా బావమరిది సుబ్రమణ్యానిది.

2. రెండు మరమగ్గాలు సుందరరాజుకే. గుంట మగ్గం పంకజాక్షికి. ఆ పిల్ల కాళ్లకు బలం నా మగ్గం తొక్కినందువల్ల వచ్చిందే గాని, ఏకాంబరం మాష్టరు వేయించిన గంతుల వల్ల కాదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

3. ఈ ఏకాంబరం బడిలో డ్రిల్లు మాష్టరు. ఆయనకు నేను నేసిన జరీ అంచు పంచెల జత. ఇష్టంగా ఇస్తున్నానని అనుకోవద్దు. మోకాలు చీరుకుపోయిన పిల్లను చూసి, "ఏడిసేదానికి ఆదివారం సెలవిస్తాలే, ఈ పొద్దు పరిగెత్తు మే!" అనే మనిషి. తెగిన పోగు అతకమంటే విసిరికొట్టి పోయే నా కూతురు, ఆయన చేతి కిందికి పోయిన ఆరు నెలలకే, చిక్కుపడిన నూలు ముందు పొద్దంతా కూర్చుని విప్పింది. పదిహేనేళ్లు నేను నోరు నొప్పి పుట్టేట్టు చెప్పిన ఓర్పు! ఎవరు నేర్పారే అంటే "మాష్టరు, నాయనా" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

చిత్తూరు పోటీలో అది పడిపోతే నేను గీత దాటి లోపలికి పరిగెత్తాను. "నువ్వు బయటికి పో నాయనా!" అని నా చెయ్యి తోసేసి మాష్టరు వైపు చూసింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అంతే. లేచింది, ముగ్గురిని పట్టింది. గెలిచాక అందరికన్నా గట్టిగా ఏడ్చింది నేనే. అది గమనించిన వాళ్లు లేరు.

4. ఇంటి వెనక, మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు బారుగా సాచుకునే పన్నెండు సెంట్ల పడుగు స్థలం. బడి ఆటస్థలంలో గదులు కట్టాక ఆడపిల్లలు రోడ్డు పక్కన కంకర మీద ఆడుతున్నారు. పొద్దున్నే ఒక గంట ఈ స్థలం ఇవ్వమని మాష్టరు మూడేళ్లుగా అడుగుతున్నాడు. "యాడ కుదురుతాదప్పా, పొద్దున్నే పడుగు సాచాల గదా" అని పంపేశాను. అది అబద్ధం. మిల్లు నుంచి పడుగు చుట్టి సిద్ధంగానే వస్తున్నందున అక్కడ నిజం పడుగు సాచి ఆరేళ్లయింది. ఆయన ఆ దారిన వచ్చే వేళకు పాత నూలు తెచ్చి గుంజలకు కట్టి, పోగానే చుట్టేసేవాణ్ణి. మూడేళ్లు, ఒక్క రోజు తప్పకుండా. ఆ పట్టుదల నాకు ఏ మాష్టరూ నేర్పలేదు. మా పిల్లకు ఎవరి నుంచి వచ్చిందో చదివేవారే తేల్చాలి.

నా కాలం తర్వాత ఆ స్థలం ఆడపిల్లల ఆటకు చెందాలి.

పై మాట చదివి వినిపిస్తే పంకజాక్షి, "నువ్వు సచ్చేదాకా ఆ పిల్లోళ్లు కంకర మీదే పడాల్నా నాయనా?" అంది. కాబట్టి "నా కాలం తర్వాత" అన్నది కొట్టివేశాను. స్థలం సోమవారం నుంచే వాళ్లది. ఖోఖో స్తంభాలకు గుంతలు మాత్రం మాష్టరు తవ్వకూడదు. నేనే తవ్వుతాను.

నగరి, 14-6-1984
(చేవ్రాలు) చి. కుప్పయ్య

సాక్షులు:
పరంధామయ్య, అద్దకం పని
గోవిందయ్య, నూలు అంగడి