కర్టెన్ రాడ్ అని రాయమన్న అన్నయ్యకు

అన్నయ్యా,

ఒళ్లు మండిపోతోంది గానీ నేను క్షేమమే.

నాన్న ఎయిర్ రైఫిల్‌ని షూటింగ్ నేర్పే టీచరమ్మ కొనుక్కుంది కదా, ఆమె ఊరికి పంపాలంటే "కర్టెన్ రాడ్ అని రాసెయ్, చవగ్గా పోతుంది" అని సలహా ఇచ్చావు. నీ మాట విని అలాగే రాశాను. నిన్న కొరియర్ ఆఫీసులో పెట్టెను స్కానర్‌లో పెట్టగానే గుమాస్తా "అమ్మో, తుపాకీ!" అని కేక పెట్టాడు. క్యూలో ఉన్నవాళ్లంతా గోడకు అతుక్కుపోయారు. పోలీసులు వచ్చేదాకా నన్ను దొంగలా స్టూలు మీద కూర్చోబెట్టారు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా నాన్న దాన్ని మనిషివైపు తిప్పనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి తుపాకీతో నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు.

పోలీసాయన విప్పి చూసి, "దీనికి లైసెన్సే అక్కర్లేదు కదమ్మా! ఉన్నమాట రాస్తే పోయేదానికి ఈ దొంగపేరు దేనికి?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

ఆ కొరియర్ వాళ్లు అసలు తుపాకీలే తీసుకోరట. ఇవాళ లారీ ట్రాన్స్‌పోర్టుకు వెళ్లి, లోపల గుండ్లు లేవని చూపించి, పెట్టె మీద ఎయిర్ రైఫిల్ అని పెద్ద అక్షరాలతో రాసి, అమ్మిన కాగితం జతచేసి పంపాను. నువ్వు చెప్పిన చవక కన్నా చవగ్గానే పోయింది!

నాన్న దాన్ని కొన్న రసీదు బీరువాలో వెతికి టీచరమ్మకు పంపు. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఈ కార్డు దాచకుండా ఆమెకు చదివి వినిపించు. పోస్ట్‌మన్ ఎలాగూ చదివేసి ఉంటాడు.

వదినకు నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. నీకు ఇవాళ్టికి ఏమీ లేవు.

నీ చెల్లెలు