ఇండియా నీళ్ళు

ఏప్రిల్ 6, ఆదివారం

దొరికాడు. నా కొడుకు దొరికాడు. శశి దొరికాడు!

ఏప్రిల్ 6, సాయంత్రం

పొద్దున ఫోన్ రాగానే పరిగెత్తాను, అంతకన్నా రాయలేకపోయాను. ఇప్పుడు కుదురుగా రాస్తాను.

అట్లాంటా హాస్పిటల్ నుంచి ఫోన్. శశికాంత్ అనే పేషెంట్ ఉన్నాడు, మీ నెంబర్ ఒక్కటే చెప్తున్నాడు అంది నర్సు. మూడేళ్ళుగా ఎక్కడున్నాడో తెలియని కొడుక్కి నా నెంబర్ గుర్తుంది! చొక్కా తిరగేసి తొడుక్కున్నానని హాస్పిటల్ లిఫ్ట్ అద్దంలో చూసుకునేదాకా తెలియలేదు.

వాడి కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఒళ్ళంతా పసుపు పూసినట్టుంది. హెపటైటిస్ ఎ అట, అంటే మన కామెర్లు. పక్కటెముకలు రెండు విరిగాయి. పెదవి చీలింది. బ్రిడ్జి కింద టెంట్లలో ఉంటున్నాడట, అక్కడ ఎవడో బూట్ల కోసం ఇటుకతో కొట్టాడట. మోకాలి ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన నొప్పి మాత్రలు నా బిడ్డని మత్తు సూదుల దాకా తీసుకెళ్ళాయి. బ్రిడ్జి కిందికి తీసుకెళ్ళాయి.

డారెల్ అనే అతను వాడిని షాపింగ్ కార్ట్‌లో కూర్చోబెట్టి ఎమర్జెన్సీ దాకా తోసుకొచ్చి వదిలి వెళ్ళాడట. ఎవరు బాబూ నువ్వు, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను.

చెయ్యి పట్టుకోబోతే శశి విదిలించి కొట్టాడు. నా కళ్ళజోడు గోడకి తగిలి పగిలింది. నర్సు సెక్యూరిటీని పిలుస్తానంది. వద్దమ్మా, నేనెవరో తెలిసింది కాబట్టే కొట్టాడు అన్నాను.

ఏప్రిల్ 9

ఇంటికి తెచ్చుకున్నాను. హైవే మీద అల్ఫారెట్టా ఎగ్జిట్ దగ్గర కారులోంచి దూకబోయాడు. చైల్డ్ లాక్ వేసి ఉంచాను.

సాయంత్రానికి టీవీ పగిలింది, బాత్రూమ్ తలుపుకి కన్నం పడింది. పట్టుకుంటే ముంజేతి మీద కొరికాడు. మత్తు అలవాటు వదిలేటప్పుడు ఇలాగే ఉంటుందట, నాలుక కింద పెట్టే మందు రాసిచ్చారు. కొరకనీ. ఇల్లంతా నా కొడుకు చప్పుడు!

అనురాధ వచ్చింది. నా కూతురు, సాఫ్ట్‌వేర్‌లో మేనేజర్. తమ్ముణ్ణి చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. కళ్ళు తుడుచుకోగానే, జనానికి ఏం చెప్దాం నాన్నా అంది. ఇన్నాళ్ళూ హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నాడని గుళ్ళో అందరికీ చెప్పుకొచ్చాం. అదే చెప్దాం, అక్కణ్ణించి వచ్చాడు, అక్కడి నీళ్ళు పడక కామెర్లు వచ్చాయందాం అంది. అబద్ధమైనా ఎంత అతికినట్టుంది! నాకైతే ఆ ఐడియాకి నవ్వు కూడా వచ్చింది.

ఏప్రిల్ 11

హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి తన్వి అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల. మా పేరు చూసి తెలుగు మొదలుపెట్టింది. అంకుల్, నా తెలుగు కొంచెం బ్యాడ్, నవ్వకండి అంది. నవ్వలేదు, ముచ్చటేసింది. ఈ జబ్బు ఎవరికొచ్చినా హాస్పిటల్ వాళ్ళు రిపోర్ట్ చెయ్యాలట, ఎలా వచ్చిందో వీళ్ళు కనుక్కోవాలట, దేశమంతటా ఇలాగే లెక్క తీస్తారట. శశితో మాట్లాడాలంది. పడుకున్నాడమ్మా, నేను చెప్తాను అన్నాను.

ఫ్రోజెన్ బెర్రీలు తిన్నాడా, ఆయిస్టర్లు, అంటే ఆల్చిప్పలు, తిన్నాడా అని అడిగింది. డ్రగ్స్ వాడతాడా అంది. లేదమ్మా అన్నాను. ఎక్కడ పడుకుంటాడు, ఎవరితో కలిసి తింటాడు అంది. ఇంట్లోనేనమ్మా అన్నాను. వేరే దేశం వెళ్ళాడా అంది.

ఇండియా వెళ్ళొచ్చాడమ్మా అన్నాను.

అయితే అదే అయ్యుంటుంది అంకుల్ అంది. గొంతులో కాస్త రిలీఫ్ కూడా ఉంది. వాడితో కలిసి తిన్నవాళ్ళు, ఉన్నవాళ్ళు రెండు వారాల్లోపు వ్యాక్సిన్ వేయించుకుంటే జబ్బు రాకుండా ఆపొచ్చట. ఆ తర్వాత లాభం ఉండదట. అనురాధ వెంటనే ఫార్మసీకి వెళ్ళి వేయించుకుంది. మంచి పిల్ల తన్వి. పెళ్ళయిందో లేదో అడగలేదు.

ఏప్రిల్ 13

గుళ్ళో అందరూ నమ్మారు. నమ్మడం కాదు, ఎగబడి నమ్మారు. రాఘవులు గారైతే, మా వాడు పోయినసారి పానీపూరీ తిని పది రోజులు పడుకున్నాడండీ అని చేతులు తిప్పుతూ కథ మొదలుపెట్టారు. త్రివేణి గారు మజ్జిగన్నం, నేల ఉసిరి పసరు డబ్బాల్లో పెట్టిచ్చారు. శశి పసరు డబ్బా గోడకేసి కొట్టాడు. గోడ పచ్చగా కారింది. మజ్జిగన్నం మాత్రం తిన్నాడు!

ఏప్రిల్ 17

ఇవాళ ఒకణ్ణి కొట్టాను.

బ్లాక్ కారులో వచ్చాడు. శశికి కారు కిటికీలోంచి ఏదో అందిస్తున్నాడు. చిన్న ప్యాకెట్. గరాజ్‌లోంచి జాక్ రాడ్ తెచ్చి కారు ముందద్దం పగలగొట్టాను. వాడు దిగాడు. మోచేతి మీద కొట్టాను, ఎముక చప్పుడు వినిపించింది. వాడు నన్ను కడుపులో గుద్దాడు. కిందపడి వాడి కాలు పట్టుకుని మళ్ళీ కొట్టాను. ఇన్నేళ్ళు టైర్ షాపులో రాడ్ తిప్పిన చెయ్యి ఇది. కుంటుకుంటూ కారెక్కి పారిపోయాడు. పోలీసుల్ని పిలవడు, ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు?

డ్రైవ్‌వే అంతా గాజు, రక్తం. హోస్‌తో కడుగుతుంటే ఈల వేయాలనిపించింది.

ఏప్రిల్ 18

చెయ్యి వాచింది. శశి ఐస్ పెట్టాడు. వాడే పెట్టాడు!

ఏప్రిల్ 25

కళ్ళలో పసుపు తగ్గింది. ఇవాళ పప్పన్నం రెండోసారి వడ్డించుకున్నాడు. కబుర్లు చెప్పాడు, ఎక్కువ డారెల్ గురించే. మిలిటరీలో వంట చేసేవాడట. ఇద్దరికీ ఒకే దుప్పటి, ఒకే బాటిల్, ఒకే స్పూన్. శశి మీద ఇటుక ఎత్తినవాడి పళ్ళు రాలగొట్టింది కూడా అతనేనట. డారెల్ లివర్ ముందే పాడైందట, తాగుడు, దానికి తోడు హెపటైటిస్ సి.

తన్వి చెప్పిన రెండు వారాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

హెల్త్ వాళ్ళు ఫోన్ చేసి నేనెక్కడ ఉండేవాణ్ణో అడిగారా నాన్నా అన్నాడు. హాస్పిటల్లో ఉన్నప్పుడు చెప్పారట, వాళ్ళే వెళ్ళి అందరికీ వ్యాక్సిన్ వేస్తారని. అడిగారు అన్నాను. అడిగారు కదా, అది అబద్ధం కాదు. హమ్మయ్య అన్నాడు. నా భుజం తట్టాడు. ఎన్నాళ్ళకి తట్టాడు! ఆ తట్టిన చేతిని వదులుకుని ఇంకో మాట ఎలా చెప్తాను?

ఏప్రిల్ 29, మధ్యాహ్నం

డారెల్ ఎవరి ఫోన్ నుంచో నా నెంబర్‌కి చేశాడు, శశి ఎత్తాడు. కళ్ళు పచ్చబడ్డాయట, రక్తం కక్కుతున్నాడట. వ్యాక్సిన్ వేయడానికి ఎవరూ రాలేదట.

శశి ఫోన్ పెట్టేసి, వాళ్ళకి ఏం చెప్పావ్ అన్నాడు. చెప్పాను. ముందు నవ్వాడు. ఆరేళ్ళప్పుడు చూశాను నేను ఇండియాని, ఏ కుళాయి నీళ్ళు తాగానట అన్నాడు. తర్వాత కొట్టాడు. ఫ్రిజ్‌కేసి కొట్టాడు, కిందపడితే తన్నాడు. పన్ను ఒకటి ఊడి నాలుక మీదికొచ్చింది. అతను నన్ను తోసుకొచ్చాడు నాన్నా, తోసుకొచ్చాడు అంటూ తన్నాడు. అనురాధ పరిగెత్తుకొచ్చి 911 చేస్తానంటే ఫోన్ లాక్కున్నాను. వద్దంటే వినదే!

శశి వెళ్ళిపోయాడు. వాడి కాళ్ళలో ఎంత బలం వచ్చిందో. నేను పెట్టిన అన్నమే.

ఏప్రిల్ 29, సాయంత్రం

అనురాధ వద్దంది. పరువు పోతుంది నాన్నా, పోలీసులొస్తారు, వాడు మళ్ళీ మన మొహం చూడడు అంది. నోట్లో దూది పెట్టుకుని తన్వికి ఫోన్ చేశాను. ఇండియా లేదు, బ్రిడ్జి కింద అని చెప్పాను. డారెల్ పేరు చెప్పాను. డ్రగ్స్ అనే మాట నా నోటితో నేనే అన్నాను.

మీ అబ్బాయికి ఇండియా ట్రావెల్ వల్ల వచ్చిందని రాసి ఫైల్ మూసేశాం అంకుల్ అంది. డారెల్‌కి ఇప్పుడే ఆంబులెన్స్ పంపుతామంది. కానీ అతనికి వ్యాక్సిన్ టైమ్ దాటిపోయింది, అతని నుంచి ఇంకెవరికి అంటిందో వాళ్ళనైనా పట్టుకోవాలి, ఏ బ్రిడ్జి అంది. చెప్పాను. నన్ను తిట్టమ్మా అన్నాను.

నాకు టైమ్ లేదు అంకుల్ అంది.

మే 1

తన్వి వాళ్ళ వ్యాక్సిన్ వ్యాన్‌లో బ్రిడ్జి కిందికి నేనూ వెళ్ళాను. డారెల్‌ని అప్పటికే ఐసీయూలో పెట్టారు.

ఒక్క టెంట్ జిప్ కూడా తెరుచుకోలేదు. మమ్మల్ని ఖాళీ చేయించడానికి పోలీసులు వేసిన ఎత్తు అని ఎవడో అరిచాడు. సీసా విసిరాడు. నర్సు చెవి చీలింది. ఇంకొకడు కత్తి తీశాడు. శశి ఎక్కణ్ణించి వచ్చాడో వచ్చాడు. కత్తి పట్టుకున్నవాడి ముక్కు మీద తలతో కొట్టాడు. ఇద్దరూ బురదలో పడ్డారు. శశి అరచెయ్యి కోసుకుపోయింది. ఆ చేత్తోనే ఒక్కొక్క టెంట్ జిప్ లాగాడు. పేరు పెట్టి పిలిచాడు, బూతులు తిట్టాడు, డారెల్ చచ్చిపోతున్నాడురా, స్లీవ్ ఎత్తండిరా అని గొంతు చించుకున్నాడు. టెంట్ గుడ్డలన్నీ రక్తం. వచ్చారు. వరసలో నిలబడ్డారు.

నా కొడుకు! అనుకున్నాను. నా ఊడిన పన్ను సందులోంచి నవ్వాను కూడా.

నాకూ వేస్తారా అని అడిగాను. ఇండియాలో పుట్టి పెరిగిన మీ వయసువాళ్ళకి చాలావరకు ఈ జబ్బు చిన్నప్పుడే వచ్చి పోయుంటుంది, మీకేం కాదు అంకుల్ అంది తన్వి.

నాకేం కాదు.

శశి ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

మే 9

పొద్దున డారెల్ పోయాడు.

శశి ఇంటికొచ్చాడు. స్నానం చేశాడు. అన్నం కలిపి పెడితే తిన్నాడు. వాడి చెయ్యి అందే దూరంలోనే కూర్చున్నాను. కొట్టలేదు.