లిథియంలోంచి ఒకటి తీసేస్తే

ఇలినాయి, ఫిబ్రవరి

డైక్‌స్ట్రా గారికి లియోనా హ్రుస్కా నమస్కారాలు.

మీరు ఈమెయిల్ తెరవరని మావాళ్ళు చెబితే కాగితం మీద రాస్తున్నాను. లిథియం-7 కేంద్రకంలోంచి ఒక న్యూట్రాన్‌ని తీసేస్తే మిగిలింది ఎంతవరకు లిథియం-6లా ఉంటుందో ఏళ్ళ తరబడి కంప్యూటర్‌తో లెక్కకడుతున్నాను. అచ్చం అలాగే ఉంటే ఒకటి, పోలికే లేకపోతే సున్నా. ఈ అంకెనే స్పెక్ట్రోస్కోపిక్ ఫాక్టర్ అంటారని మీకు చెప్పేదేముంది, నా ఉద్యోగం తేల్చే కమిటీకి చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది. నాకు 0.6 వచ్చింది. మిషిగన్‌లో మీరు కిరణాలతో కొట్టి కొలిచింది ఎంత? మీ కొలత నా లెక్కతో కలిస్తేనే ఆగస్టు తరవాత నన్ను ఉంచుతారట.

ఇట్లు,
లియోనా

తా.క.: మా అమ్మకి ఇదంతా వివరించాను. "ఒకటి తీసేసి చూడ్డానికి ఇన్నేళ్ళా?" అంది.

---

మిషిగన్, మార్చి

అమ్మాయీ లియోనా,

మాకు 0.8 వచ్చింది. నువ్వే ఎక్కడో లెక్క తప్పావు. మీ లెక్కలవాళ్ళతో ఇదే చిక్కు. మీరు కుర్చీలో వాలి అంకెలు పుట్టిస్తారు, చలిలో కిరణానికి కాపలా కాసేది మేము. మళ్ళీ చూసుకో.

వాల్టర్ డైక్‌స్ట్రా

తా.క.: ఉద్యోగం మాట చదివి మనసు చివుక్కుమంది. నా వల్ల అయ్యేదుంటే మొహమాటపడకు.

---

ఇలినాయి, ఏప్రిల్

డైక్‌స్ట్రా గారికి,

మళ్ళీ చూశాను, తప్పు దొరకలేదు. న్యూట్రాన్ ఎక్కడెక్కడ తిరుగుతుందో చెప్పే రేఖని మీరు పాత పాఠ్యపుస్తకంలోంచి తీసుకున్నారని మీ వ్యాసంలోనే ఉంది. నేను కట్టిన రేఖ పంపుతున్నాను. దీన్ని వాడి చూడండి, పుణ్యముంటుంది.

లియోనా

తా.క.: వివరాలేమీ అక్కర్లేదు. అంకె చాలు.

---

మిషిగన్, జూన్

అమ్మాయీ,

డోనట్లు పంచిపెట్టు. పొల్లుపోకుండా 0.6 వచ్చింది. మేము కిరణంతో కొట్టే లిథియం రేకు మందం మాకే సరిగ్గా తెలీదు, అది తెలియందే కొలతల ఎత్తు తేలదు. అందుకని మా కొలతల ఎత్తుని నీ రేఖ ఎత్తుకే సరిపెట్టేశాను. ఇంక కలవక చస్తుందా? మీ కమిటీ గుట్టుగా అభిప్రాయం అడిగింది కూడా నన్నే. ఎలా కలిపానో దాచకుండా రాసి పంపాను. మనం నిజాయితీపరులం కదా.

వాల్టర్

తా.క.: నీ ప్రోగ్రాం మాకూ ఇచ్చావంటే ఇకమీదట మా కొలతలన్నీ కొలవకముందే కలుస్తాయి.

---

ఇలినాయి, సెప్టెంబరు

డైక్‌స్ట్రా గారికి,

నేను వాడమన్నది రేఖ ఆకారం ఒక్కటే. ఎత్తే కదండీ అసలు పరీక్ష, 0.6నో 0.8నో తేల్చేది అదే. అది మీకు తెలియదా అనుకుని రాయలేదు. "ఆవిడ లెక్కని ఆవిడ లెక్కతోనే కొలిచారు" అని కమిటీ ఒక్క ముక్కలో తేల్చేసింది. నా జవాబు నా పేపర్లోంచే కాపీ కొట్టినందుకు నేనే డిబారయ్యాను. కోపం లేదని రాస్తే అబద్ధం. మీ 0.8 చేతిలో ఓడిపోయినా బాగుండేది, కనీసం దెబ్బలాడేదాన్ని.

సెలవు,
లియోనా

తా.క.: కేంద్రకంలోంచి ఒకటి పోతే మిగిలినవి తల్లడిల్లి, సర్దుకుని, కొంత వేరుగా తయారవుతాయి. అందుకే అది 0.6. నా బల్ల ఖాళీ అయిన మర్నాడే దానిమీద ప్రింటర్ పెట్టారట. మధ్యాహ్నం అందరూ ఎప్పటిలాగే కబుర్లాడుకుంటూ భోజనానికి వెళ్ళారట. మా గుంపులోంచి నన్ను తీసేస్తే వచ్చిన ఫాక్టర్ సరిగ్గా ఒకటి. కావాలంటే కొలుచుకోండి, దీనికి నా రేఖ అక్కర్లేదు.