ఇరవై దగ్గర తెగిన మాట

దర్జీ బావగారికి,

మీ వియ్యంకుడు మండిపడుతూ రాయునది.

నేను రైలు గార్డుగా చేసి రిటైరైన మనిషిని. నేను పచ్చజెండా ఊపనిదే రైలు కదిలేది కాదు. అలాంటి నన్ను మాట మధ్యలో వదిలేసి మీరు కదిలిపోయారు. ఒకసారా? మొదటిసారి నా మోకాలి సంగతి చెబుతున్నాను. డాక్టరు ఏమన్నాడో చెప్పబోయేసరికి ఠక్కున ఫోను పెట్టేశారు. పోనీలే, సిగ్నలు పోయిందేమో అనుకున్నాను. తర్వాత, పక్కింటివాళ్ళు మా గోడకి ఆనించి పెట్టిన నీళ్ళ మోటారు గురించి చెబుతుంటే పెట్టేశారు. మొన్న, సెలవులకి మన మనవరాలిని మీ దగ్గరికి ఏ రోజు పంపేదీ చెప్పబోతుంటే, ‘ఉంటాను’ అని కూడా అనకుండా పెట్టేశారు. మా ఆవిడ పక్కనే ఉంది. నవ్వింది. అదీ నా బాధ.

ఆ ఫోను కొనిచ్చిందెవరు? నేను. కొనిచ్చినవాడి మాట వినడానికి మీకు తీరిక లేదా? అయితే పిల్లని పంపే విషయం నేనూ ఆలోచించుకోవాలి.

మీ మీద అలిగిన,
గార్డు బావ

తా.క.: డాక్టరు ఏమన్నాడో ఇప్పుడు చెప్పను. మీరే అడగండి.

* * *

గార్డు బావగారికి నమస్కారం.

ఉత్తరం అందింది. వేరేగా అనుకోకండి. మీరు చెప్పినట్టే చేశాను.

మన పిడుగుని పంపండి. దానికో గౌను కుట్టి ఉంచాను.

ఇక్కడ అందరం బాగున్నాం.

మీ దర్జీ బావ

తా.క.: ఫోను కూడా బాగుంది. దానికి వేడి తగలకుండా ఇస్త్రీపెట్టెని అరుగు మీదికి మార్చాను. నేను ఎండలో ఇస్త్రీ చేస్తున్నాను. ఫోను నీడలో ఉంది.

ఇంకోటి: డాక్టరు ఏమన్నాడు?

* * *

దర్జీ గారికి,

ఈసారి ‘బావ’ అని రాయబుద్ధి కాలేదు.

‘మీరు చెప్పినట్టే చేశాను’ అంటారా! నా మాట మధ్యలో ఫోను పెట్టేయమని నేనెప్పుడు చెప్పాను? ఏ నోటితో చెప్పాను? మా ఇంటికి వచ్చినప్పుడల్లా తలొంచుకుని భోంచేసి తలొంచుకుని వెళ్ళిపోతుంటే మొహమాటం అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, అది మొహమాటం కాదు, లెక్కలేనితనం. మీ అమ్మాయిని పిలిచి అడిగాను. “మా నాన్న అంతే మామయ్యా” అంది. అంతే అంటే ఎంత? మావాణ్ణి అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పిల్లని పంపడం లేదు. ఇదే చివరి మాట. ఇక్కడే డ్రాయింగు క్లాసులో చేర్పిస్తాను. మీ గౌను మీ దగ్గరే ఉంచుకోండి.

గార్డు (రిటైర్డు)

తా.క.: డాక్టరు రోజూ నడవమన్నాడు. ఫోనులో అయితే వివరంగా చెప్పేవాణ్ణి.

* * *

బావగారికి,

నమస్కారం చివర్లో పెడతాను. ముందు కోపం ఉంది.

నాకు మాటలు రావు. రావు కదా అని ఏమన్నా పడతాననుకోకండి. ఫోను చేతిలో పెట్టి ఏమన్నారు? ‘ఛార్జింగు ఎనభై శాతం దాటనివ్వద్దు. ఇరవై కిందికి దిగనివ్వద్దు. ఛార్జింగులో పెట్టి మాట్లాడద్దు. వేడెక్కనివ్వద్దు. ఇవి తప్పారా, ఏడాదిలో బ్యాటరీ చస్తుంది. మళ్ళీ నన్నడగద్దు’ అన్నారు. నలుగురిలో అన్నారు.

నేను దర్జీని. ఇచ్చిన కొలత ఇచ్చినట్టు కత్తిరిస్తాను. పొట్ట లోపలికి పీల్చి కొలత ఇచ్చినా అంతే. అది వాళ్ళ ఖర్మ.

పొద్దున్నే ఫోను ఛార్జింగులో పెట్టి ఎదురుగా కూర్చుంటాను. కాజాలు కుడుతూ దాన్నే చూస్తుంటాను. ఎనభై రాగానే తీసేస్తాను. ఒకరోజు కన్ను తప్పి ఎనభై ఒకటయింది. ఆ పూట అన్నం సహించలేదు.

మీరు ఫోను చేస్తారు. ఎనభై మీద మొదలుపెడతారు. నేను మధ్యమధ్య చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుంటాను. మీ మోకాలికి అరవై శాతం పోయింది. మోటారుకీ అంతే. ఇరవై కనబడగానే ఎర్రగుర్తు నొక్కాను. చెప్పి పెట్టేద్దామంటే మీరు ఊపిరి తీసుకునే సందు దొరకలేదు.

మీ మాట విన్నందుకా నాకు శిక్ష? పిల్లకి డ్రాయింగు క్లాసా? ఏడాదంతా మీ దగ్గరే ఉంటుంది కదండీ. నాకు ఆ సెలవులే.

నమస్కారం.

దర్జీ

తా.క.: ఫోను తిప్పి పంపించేస్తాను. ఎనభై మీదే ఉంటుంది. చూసి తీసుకోండి.

* * *

బావగారూ,

ఫోను పంపకండి. నేను అలా అన్న మాట నిజమే. మావాడు పేపరు తీసి మరీ గుర్తుచేశాడు.

కానీ అంత పట్టుగా చేయమని ఎవరన్నారండీ! ఒకనాడు ఇరవై దిగితే కొంప మునగదు. రోజూ సున్నాకి దింపడం, రోజూ నూరుకి నింపి తెల్లవార్లూ అలా వదిలేయడం, వేడిలో పెట్టడం, ఇవి మానుకుంటే చాలు. ఎనభై ఒకటికి అన్నం మానేస్తారా? నేను ఎలా చేస్తానని అడగకండి. రాత్రి తగిలించి పడుకుంటాను, పొద్దున తీస్తాను. చెప్పేవాణ్ణి కదా, నాకు వర్తించదు.

పిల్లని మావాడు తీసుకొస్తున్నాడు. డ్రాయింగు క్లాసు అంటూ నేనేదో వంక పెట్టాను గాని, పిల్ల లేకపోతే ఈ ఇంట్లో నా మాట వినే దిక్కు లేదు. సాయంత్రంపూట ఒక్కసారి దానితో మాట్లాడించండి. శాతం చూడకండి.

మీ గార్డు బావ

తా.క.: ‘ఊపిరి తీసుకునే సందు’ అని రాశారే, మా ఆవిడ ఆ వాక్యాన్ని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చదివి వినిపిస్తోంది. ఇది న్యాయమేనా?

* * *

బావగారికి నమస్కారం.

పిడుగు దిగింది. గౌను సరిపోయింది.

నిన్నటి నుంచి మీరు ఫోను చేసినప్పుడల్లా తెగిపోయి ఉంటుంది. నామీద అరవకండి. అది వచ్చింది మొదలు ఫోను నా చేతిలో లేదు. ఛార్జింగులో పెట్టే ఆడుతోంది. వేడెక్కితే విసనకర్రతో విసరమంటోంది. విసురుతున్నాను. మీ ఫోను రాగానే ఎర్రగుర్తు తనే నొక్కింది.

ఎందుకే అన్నాను. “గార్డు తాతయ్య ఏడాదంతా చెబుతూనే ఉంటాడు. ఇక్కడ నువ్వు చెప్పు” అంది. నాకు చెప్పడం రాదన్నాను. వినదే. ఛార్జింగు తీగ పీకి, ఆట నడుస్తుండగానే ఫోను అవతల పడేసి ఒళ్ళో కూర్చుంది. సరేనని మొదలుపెట్టాను. మా గురువు నా చేత కుట్టించిన మొదటి చొక్కాకి రెండు చేతులూ ఒకేవైపు కుట్టిన సంగతి చెప్పాను. నవ్వింది. అక్కణ్ణుంచి ఇంకోటి, ఇంకోటి. దుకాణం తెరవలేదు. ఇస్త్రీ లేదు. ఫోను ఎప్పుడు సున్నాకి దిగి ఆరిపోయిందో ఇద్దరం చూడలేదు.

సాయంత్రం తప్పకుండా మాట్లాడిస్తాను.

మీ దర్జీ బావ

తా.క.: చెబుతుండగానే పిల్ల నిద్రపోయింది. నా కథ సగంలో ఉంది, ఆపబుద్ధి కావడం లేదు. మిగతాది మీకు ఫోనులో చెబుతాను. ఈ ఒక్కసారికి మీది నూరు దాకా ఛార్జింగు పెట్టి ఉంచండి. ఎనభై చాలదు.