కిటికీ దగ్గర నిలబడినా హాజరే

కర్నూలు,
ఆషాఢ బహుళం, శుక్రవారం.

డిగ్రీ విద్యార్థుల కళాశాల బదిలీల పరిశీలనాధికారి వారి సముఖమునకు, మైదుకూరు దగ్గరి పల్లె కాపురస్తురాలు, కీ.శే. సుబ్బయ్య భార్య సుబ్బరత్నమ్మ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కోడలు శివలీల, బి.యస్సీ. రెండవ సంవత్సరము ముగించి, ఆదోని కళాశాల నుండి మైదుకూరు కళాశాలకు బదిలీ కోరగా, "సంరక్షకురాలు హాజరు కాలేదు" అని దరఖాస్తు తిరస్కరించిన విషయము. నేను హాజరైన విషయము. గడువు నేటి సాయంత్రముతో ముగియు విషయము.

పై విషయములను గూర్చి తమకు తెలియజేయునది ఏమనగా:

1. నేను పదవ తరగతి వరకు చదివినదానను. పసుపు పండించుకొని బ్రతుకుదానను. కాలువ నీళ్ళ కోసమైనా, ఒరిగిపోయిన కరెంటు స్తంభం కోసమైనా మా ఊరి తరఫున అర్జీలు రాసేది నేనే. కాబట్టి దీనిని ఎవరో రాసి ఇచ్చినారని తాము భావించవద్దు. దస్తూరీ నాదే, కోపమూ నాదే.

2. గడచిన వైశాఖంలో నా ఏకైక కుమారుడు ఓబుళేశుకు, ఎమ్మిగనూరు అవతలి పల్లెకు చెందిన దేవేంద్రప్ప గారి కుమార్తె శివలీలకు వివాహము జరిగినది. చదువు మధ్యలో పెండ్లి ఎందుకని తాము అడగవచ్చును. ఆ పిల్ల జేజి మంచాన పడి, మనవరాలి మెడలో తాళి చూసి కండ్లు మూస్తానని పట్టు పట్టినది. తాళి చూసినది. కండ్లు మూయలేదు సరిగదా, లేచి మేకలు కాచుకుంటున్నది. సంతోషమే, నిండు నూరేళ్ళు బతకనీ.

తాంబూలాలు పుచ్చుకునే రోజు దేవేంద్రప్ప గారు నాతో ఒక్క మాట అన్నారు. "మాకు ఇంగేం వద్దమ్మా. పాప సదువు మాత్రం నిలపొద్దు తల్లీ. మా ఊర్లో డిగ్రీ దంకా వచ్చిన ఆడపిల్ల ఇదొక్కటే."

"ఆ బాధ్యత నాదన్నా" అని పదిమంది పెద్దల ఎదుట, ఆకూ వక్కా చేతిలో పట్టుకొని చెప్పితిని. నేను ఆడి తప్పే మనిషిని కాను. మా ఊళ్ళో ఎవరినైనా అడగండి, నా మీద వంద చెప్తారు గానీ ఆ ఒక్కటి చెప్పరు.

3. ఆషాఢంలో కొత్త పని ఏదీ మొదలుపెట్టరాదు గనుక, అంతకుముందే మంచి రోజు చూసి ఆదోనిలో పేరు తీయించి, టీసీ తీసుకున్నాము. మైదుకూరు కళాశాల వారు సీటు ఉన్నదన్నారు, తమ కార్యాలయపు ఉత్తర్వు తెస్తే చేర్చుకుంటామన్నారు. ఉత్తర్వు రాకముందే టీసీ ఎందుకు తీసుకున్నారమ్మా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. పంచాంగం చూసి తీసుకున్నామయ్యా, తమ నోటీసు బోర్డు చూసి కాదు. ఇప్పుడు ఆ పిల్ల పేరు అక్కడ లేదు, ఇక్కడ ఎక్కలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ మా కోడలి పరిస్థితి. ఈ సాయంత్రం దాటితే ఏడాది పోయినట్లే.

4. వివాహ కారణముగా బదిలీ కోరు విద్యార్థిని, భర్తతో గాని అత్తమామలలో ఒకరితో గాని కలిసి, పరిశీలన గదిలో స్వయముగా హాజరు కావలెనని తమ నిబంధన. మామ లేడు. భర్త బోరు బండి మీద పనికి మహారాష్ట్ర పోయి ఉన్నాడు. అది ఒక ఊరని లేదు, నీళ్ళు యాడ కావాలంటే ఆడికి పోవడమే. ఇక మిగిలినది నేను.

నేను రావడానికి అడ్డం ఏమిటంటే, ఆషాఢ మాసంలో అత్తా కొత్త కోడలూ ఒకే గడప దాటరాదు. దాటితే ఏమవుతుందని తాము నవ్వవచ్చును. ఇంటి మగపిల్లవానికి కీడని మా వైపు చెప్పుకుంటారు. నా భర్త పొలంలో మోటరు కరెంటు తగిలి పోయినాడు. అప్పటినుంచి నేను ఇట్లాంటి మాటలతో వాదం పెట్టుకోవడం మానుకున్నాను. నాకు మిగిలింది ఒక్క కొడుకు. వాడు చేసేది పైనుంచి ఇనుప రాడ్లు దిగుతుంటే కింద నిలబడే పని. ఒక్కగానొక్క బిడ్డ ఉన్న తల్లికి ధైర్యం చెప్పడం శానా సులువు. ఆమె చోట నిలబడి చూడాల.

5. అయినప్పటికీ గత సోమవారం మేము ఇరువురమూ కర్నూలుకు వచ్చితిమి. నేను మైదుకూరు బస్సులో, పుట్టింట్లో ఉన్న శివలీల ఎమ్మిగనూరు బస్సులో. నన్ను చూసి "అత్తమ్మా" అని పరుగెత్తుకొని వచ్చింది. బస్టాండులో ఆరుబయట కలుసుకున్నాము గనుక అక్కడ ఇబ్బంది లేకపోయినది. టిఫిను హోటలులో మాత్రం ఆ పిల్ల లోపల తిన్నది, నేను బయట బెంచీ మీద తిన్నాను. ఆటోకు గడప ఉన్నట్లా లేనట్లా అని ఇద్దరమూ కాసేపు తర్కించి, ఎందుకొచ్చిన తంటా అని ఎండలో నడిచే వచ్చితిమి.

పరిశీలన గదికి వాకిలి ఒకటే. వెనుక ఇంకొకటి ఉన్నది గానీ దానికి అడ్డంగా బీరువా పెట్టినారు. శివలీల లోపలికి పోయినది. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడితిని. కిటికీకి, గుమాస్తా పరమేష్ గారి బల్లకు నడుమ జానెడు ఎడం కూడా లేదు. ఆయన తాగే టీలో అల్లం వేసినారని నాకు తెలిసింది, అంత దగ్గర.

"శివలీల, సంరక్షకురాలు సుబ్బరత్నమ్మ" అని ఆయన పిలిచినారు.

"ఉండానప్పా, ఈడ్నే!" అని పలికితిని.

ఆయన గదంతా వెదికి, ఆఖరున కిటికీ వైపు తిరిగి, "ఆడేం చేస్తాండావమ్మా? లోపలికి రా" అన్నారు.

"రాకూడదప్పా, ఆషాఢం. కోడలు లోపల ఉండాది కదా, అదే గడప నేను దాటకూడదు. నన్ను చూసుకో, నా ఆధారు చూసుకో. సంతకం యాడ పెట్టాల్నో చూపిస్తే కమ్ముల్లోనుంచి చెయ్యి పెట్టి చేస్తా."

"ఆషాఢం అని జీవోలో యాడా లేదమ్మా. ఇద్దరూ నా ముందర నిలబడాల."

"నిలబడే ఉండాం కదప్పా! ఆ పిల్ల నీకు ముందర, నేను నీకు పక్కన. నీ తల పక్కకు తిరగదా ఏం?"

వరుసలో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వినారు. ఆ నవ్వే మా కొంప ముంచింది. ఆయన ముఖం ఎర్రబడింది. నేను వెంటనే తగ్గి, "కోపం చేసుకోవద్దు నాయనా. పాప బయటికి వస్తాది. ఆ రిజిస్టరు వరండాలోకి తే, ఇద్దరమూ నీ కండ్ల ముందర్నే సంతకాలు పెడ్తాం" అని బతిమాలితిని.

"రిజిస్టరు ఈ గది దాటి బయటికి రాకూడదు."

"ఏంటికి రాకూడదప్పా?"

"రాకూడదంతే. ముందునుంచీ అంతే."

అయ్యా, తాము చదువుకున్నవారు, కొంచెం ఆలోచించండి. మా గడప సంగతి ఎవరైనా అడిగితే నేను చెప్పేదీ ఆ మాటే. ముందునుంచీ అంతే. తమ రిజిస్టరుకూ ఒక గడప ఉన్నదని తెలిసి నేను దాని ఆచారాన్ని మన్నించితిని. నా ఆచారాన్ని మాత్రం ఎవరూ మన్నించలేదు. నేను చూస్తుండగానే, నా కండ్ల ఎదుటనే, ఆయన "హాజరు కాలేదు" అని రాసినారు. బతికున్న మనిషిని పట్టుకొని లేదని రాయడం యాడి న్యాయం?

6. తమ కార్యాలయపు అటెండరు అయ్యన్న పెద్దమనిషి. వరండాలో కుప్పగా కూర్చున్న నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చి, మెల్లగా ఇట్లు చెప్పినాడు. "ఏమనుకోవద్దుమ్మా. పరమేష్ సారుకు గుడక మొన్ననే పెండ్లయింది. ఆషాఢమని ఆయమ్మను పుట్టింటికి పంపించినారు. దినామూ హోటలు కూడు తిని సారుకు కడుపు మంట." కనుక తమకు విన్నవించునది ఏమనగా, సదరు పరమేష్ గారి ఇంట్లో ఆషాఢం చెల్లుతున్నది గానీ ఆయన బల్ల దగ్గర చెల్లడం లేదు. ఈ మాట ఆయన మీద ఫిర్యాదుగా రాయడం లేదు. కొత్త పెండ్లికొడుకు, పాపం.

7. మొన్న బుధవారం దేవేంద్రప్ప గారు ఫోను చేసినారు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆయన అరవలేదు.

"అమ్మా, పాప పేరు ఈడా లేదు, ఆడా లేదంట గదా. ఆషాఢం పోయినా పాప మా తావనే ఉంటాది. సదువు సంగతి తేలినాక అంపిస్తా" అన్నారు. ఆయన తప్పు ఏమున్నది? మాట ఇచ్చింది నేను.

అంతలో శివలీల ఫోను లాక్కున్నది. "అత్తమ్మా, మా నాయన మాట నువ్వు మనసులో పెట్టుకోవద్దు. ఆషాఢం పోతానే నేనే వస్తా. సదువు ఇడిసిపెడ్తా. నిన్ను భయపెట్టి నేను సదివేది ఏముండాది?"

ఆ పిల్ల మా ఇంటికి వచ్చిన వారానికే, నిరుడు పసుపుకు కుళ్ళు తెగులు తగిలిన మడిలో మట్టి తీసి, సీసాల్లో నీళ్ళతో కలిపి కిటికీలో పెట్టుకున్నది. ఏందే ఇది అంటే, "సూస్తాం అత్తమ్మా, మా మేడం సెప్పింది" అన్నది. ఇప్పుడు ఆమె లేదు, సీసాలు ఉన్నాయి. పొద్దున్నే వాకిలి చిమ్మేముందు వాటిని చూస్తాను. నాకేమీ అర్థం కాదు. అయినా వాటిని ఎవరినీ ముట్టనీయను. ఆ పిల్ల నా భయం కోసం చదువు ఇడిసిపెడితే, రేపు ఆ సీసాల ముఖం నేను ఎట్లా చూసేది?

కావున, ఘనత వహించిన తాము, నేను సోమవారం నాడు హాజరైనట్లు నమోదు చేయించవలెను. అది కుదరనిచో గడువును శ్రావణం వరకు పొడిగించవలెను. అదీ కుదరనిచో, తామే దయచేసి వరండాలోకి వచ్చి, మమ్ములను ఇద్దరినీ కళ్ళారా చూచి ఉత్తర్వు ఇవ్వవలెను. తమ ఇంటికి ఈ ఏడు కొత్త కోడలు రాలేదని అయ్యన్న చెప్పినాడు గనుక తమకు ఏ గడపా అడ్డము కాదు.

ఇట్టి నా మొరను చిత్తగించవలెను. చిత్తగించి ఊరక ఉండక సంతకము చేయవలెను.

తమ విధేయురాలు,
సుబ్బరత్నమ్మ
(హాజరు)

ఇంకొక మాట:

పైన ఉన్నదంతా పొద్దున బస్సులో ఆలోచించుకొని, ఇక్కడి చెట్టు కింద కూర్చొని రాసినది. ఇప్పుడు మధ్యాహ్నం వాలింది. అయ్యన్న ఈ కాగితం తీసుకొని వాకిలి దాకా పోయి, మళ్ళా వెనక్కు వచ్చినాడు.

"అమ్మా, పెద్దసారు బల్ల మీద ఇట్లాంటియి బొత్తి ఉండాయి. ఇది అడుగున పడ్తాది. సారు మంచోడే, మనిషిని చూస్తే మాట్లాడ్తాడు. కాగితాన్ని చూస్తే రేపంటాడు" అన్నాడు.

రేపు అనేది మాకు లేదు కదా అయ్యా.

ఈ ఒక్క దినం రమ్మని నేను ఫోను చేస్తే ఎమ్మిగనూరు బస్సులో వచ్చిన శివలీల వరండా మెట్ల మీద కూర్చొని ఉన్నది. "పోదాం పా అత్తమ్మా, బస్సు పోతాది" అంటున్నది. అంటున్నది గానీ టీసీ ఉన్న సంచిని ఎదకు హత్తుకొని వదలడం లేదు.

నేను ఓబుళేశుకు ఫోను చేసినాను. దేవుని దయ, సిగ్నలు దొరికింది.

"యాడుండావురా?"

"బండి కాడ మా. రాడ్లు దించుతాండాం."

"పక్కకు రా."

"ఏంటికి మా?"

"రమ్మంటే రా. దూరంగా పోయి చెట్టు కింద కూచో. నేను మళ్ళా ఫోను చేసేదాకా ఇనుము ముట్టొద్దు."

"ఏమయిందిమా? అందరూ బాగుండారా?"

"ఏమీ కాలేదు. ఏమీ కాకూడదనే చెప్తాండా. నా మీద ఆన, కూచో."

వాడు పక్కకు పోయినాడు. వాళ్ళ ఓనరు అరిచేది ఫోనులో నాకు వినపడింది. అరవనీ.

అయ్యా, ఈ అర్జీ అయ్యన్న చేతుల మీదుగా తమ దగ్గరికి రాదు. మేమే తెస్తున్నాము. కోడలి చెయ్యి పట్టుకున్నాను. చెమట పట్టి ఉంది, ఆ పిల్ల చెయ్యో నా చెయ్యో తెలియడం లేదు. ముందు వెనుక అని లేకుండా ఇద్దరమూ ఒకే అడుగు వేసి గడప దాటుతాం. దాటినాక నేను హాజరు కాలేదని రాయడానికి తమ దగ్గర ఎవరికీ వీలు ఉండదు.

ఒక్కటే అడుక్కుంటున్నాను. ఇది చదివి, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, పరమేష్‌ను పిలిపించి, ఫైలు తెప్పించి, ఆలోచిస్తామని ఆలస్యం చేయవద్దు. నా కొడుకు చెట్టు కింద కూర్చొని ఉన్నాడు. తమరు సంతకం పెట్టి, మేము మళ్ళా ఈ గడప దాటి బయటపడినాకనే వానిని లేవమని చెప్తాను.